పుకారు గురించి క్లాసులో మాట్లాడేటప్పుడు ముందు ఏం చెప్పాలి?

హన్మకొండలో డిగ్రీ చదివే ఒకరు అడిగారు: కమ్యూనికేషన్ పేపర్ కోసం వాట్సాప్ పుకార్ల మీద ఐదు నిమిషాలు మాట్లాడాలి, పుకారు చెప్పి తర్వాత ఖండిస్తే సరిపోతుందా అని.

సరిపోదు. ముందు నిజం చెప్పండి, మధ్యలో ఒక్కసారే పుకారు, మళ్లీ నిజం. పదే పదే విన్న మాట నిజమే అనిపిస్తుందని 1977లోనే అమెరికాలో ప్రయోగం చేసి చూపించారు, కాబట్టి మీరు నాలుగుసార్లు "అది అబద్ధం" అన్నా చివరికి వినేవాళ్లకు ఆ అబద్ధమే గుర్తుండిపోవచ్చు.

మన ఊరి సంగతే తీసుకోండి. 2023 జులైలో భద్రకాళి చెరువు కట్టకు నిజంగానే గండి పడింది. ఇప్పుడు ముసురు పట్టిన రోజు ఎవరైనా ఆ పాత వీడియోనే "ఇప్పుడే తెగింది, అందరికీ పంపండి" అని గ్రూపులో పెడితే, పోతన నగర్‌లో పిల్లలతో ఉన్నవాళ్లకు ఎంత టెన్షన్! వీడియో అసలుదే, తేదీ ఒక్కటే అబద్ధం, అందుకే పట్టుకోవడం కష్టం. మీరు "ఈ వీడియో 2023 నాటిది" అని మొదలుపెట్టి, ఎలా తెలుసుకున్నారో ఫోన్‌లోనే చూపించండి.

భయపడ్డ మనిషి ఆగి చూడడు. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారుకు తెలంగాణలోనూ అమాయకుల ప్రాణాలు పోయాయి. ఆ జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక్కసారికి ఐదు చాట్‌లకే ఫార్వర్డ్ అని పరిమితి ప్రకటించింది. ఈ ముక్క గబగబా చదివేయకండి, చెప్పి ఒక క్షణం ఆగండి.

ఇంకొకటి, నమ్మినవాళ్లను ఎగతాళి చేయొద్దు. క్లాసులో చాలామంది ఇళ్లల్లో అలాంటివి పంపినవాళ్లు ఉంటారు, చిన్నబుచ్చితే మీ మాట ఎవరూ చెవిన పెట్టరు.