లొంగిపోయాక కూడా అల్‌స్టర్‌లో (ఐర్లాండ్ ఉత్తర ప్రాంతం) యుద్ధాలెందుకు? – సమాధానం

"గేలిక్ (ఐర్లాండ్ స్థానిక) నాయకులు ఇంగ్లండ్ రాజుకి లొంగి బిరుదులు కూడా పుచ్చుకున్నారు కదా, మళ్ళీ గొడవలెందుకు?" అన్న మీ చిక్కుకి అసలు కారణం వారసత్వం. మతం సంగతి తర్వాత చూడొచ్చు.

1. 1541లో ఇంగ్లండ్ రాజు 8వ హెన్రీ ఐర్లాండ్‌కీ రాజయ్యాడు. ఇక లొంగడమంటే ఇదీ: నాయకుడు భూమిని రాజుకి అప్పగించి, పట్టాతో తిరిగి తీసుకోవాలి.

2. అందరూ దాటేసేది ఇక్కడే. ఆ భూమి నాయకుడి ఒక్కడిదీ కాదు, వంశంలో శాఖలన్నిటికీ హక్కుంది. నాయకుణ్ణి కూడా దాయాదుల్లోంచే ఎన్నుకునేవారు. ఇంగ్లిష్ పట్టా మాత్రం ఒక్కడి పేరున, ఆపైన ఒక్క వారసుడికి. అంటే ఒక్క సంతకంతో దాయాదులందరి హక్కూ పోయినట్టే.

3. అల్‌స్టర్‌లో ఓనీల్ వంశ నాయకుడు కాన్ ఓనీల్‌నే తీసుకోండి. 1542లో రాజు నుంచి టైరోన్ ఎర్ల్ అన్న బిరుదు పుచ్చుకున్నాడు, వారసుడిగా కొడుకు మాథ్యూ పేరు రాయించాడు. ఇంకో కొడుకు షేన్ ఒప్పుకోలేదు. 1558లో షేన్ మనుషులు మాథ్యూని చంపేశారు. మరుసటి ఏడు కాన్ పోగానే వంశం షేన్‌నే నాయకుణ్ణి చేసింది.

4. మాథ్యూ కొడుకు హ్యూ ఇంగ్లిష్ వాళ్ళ అండతో ఎదిగి, చివరికి వాళ్ళ మీదే తొమ్మిదేళ్ళ యుద్ధం నడిపాడు. 1603లో లొంగాడు, 1607లో దేశం విడిచాడు.

5. 1608లో కోర్టు, దాయాదుల్లోంచి నాయకుణ్ణి ఎన్నుకునే ఆ పద్ధతే చెల్లదంది. మీ జవాబులో ఈ తీర్పు తప్పక రాయండి.