మిర్యాలగూడ అక్కకు: బాబు మొండితనం గురించి

అక్కా, మీ తొమ్మిదేళ్ల బాబు ఏడాదిగా ప్రతి మాటకూ ఎదురుతిరుగుతున్నాడని, డాక్టర్ ఓడీడీ (పెద్దల మాటకు ఎప్పుడూ ఎదురుతిరిగే, కోపగించుకునే ప్రవర్తన సమస్య) అన్నారని రాశారు. మందులతో తగ్గుతుందా అని అడిగారు. ఓడీడీకంటూ ప్రత్యేకంగా మందు లేదు. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ లేకపోవడం, అతిగా చురుగ్గా ఉండడం అనే సమస్య) కూడా ఉంటే దానికి మందు ఇస్తారు, అప్పుడు మొండితనం కూడా కొంత తగ్గవచ్చు. అదేమైనా ఉందేమో ముందు చూపించుకోండి.

అసలు చికిత్స తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణే. తప్పు మీదని కాదు, రోజంతా వాడితో ఉండేది మీరు కాబట్టి. ఏ పనైనా ఒక్కసారి, చిన్న మాటలో చెప్పండి: "బ్యాగు సర్దు." చేస్తే వెంటనే మెచ్చుకోండి. చేయకపోతే అరవొద్దు, కొట్టొద్దు. వాడికి ముందే చెప్పి ఉంచినట్టు ఆ సాయంత్రం ఫోన్ ఇవ్వకండి, అంతే. మొదట్లో గోల ఇంకా పెరుగుతుంది, టెన్షన్ పడి లొంగిపోకండి. నాయనమ్మ జాలిపడి ఫోన్ ఇస్తే పడ్డ కష్టమంతా పోతుంది, ఆమెతోనూ కూర్చుని మాట్లాడండి. టీచర్‌కూ ఇదే పద్ధతి చెప్పండి.

టీనేజ్ పిల్లలకైతే కోపాన్ని అదుపు చేసుకోవడం నేర్పే కౌన్సెలింగ్ కూడా కలుపుతారు.

ఈ శిక్షణ గురించి నల్లగొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగంలో అడగండి. అంతవరకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ తెలుగులోనే మాట్లాడతారు.