స్కాన్ బాగుంటే కబడ్డీకి పంపొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది దేవరకొండ. మా బాబుకు 16 ఏళ్లు. ఫోన్‌లో ఐస్ హాకీ కొట్లాటలు తెగ చూస్తాడు. నాలుగు రోజుల కింద ఫ్రెండ్‌తో అట్లనే గుద్దులాడుతూ వెల్లకిలా పడ్డాడు. తల వెనక సిమెంటు గచ్చుకు తగిలింది. కొన్ని సెకన్లు పలకలేదు, ఒకసారి వాంతి చేసుకున్నాడు. సీటీ స్కాన్‌లో ఏమీ లేదన్నారు. తలనొప్పి మాత్రం పోలేదు, వెలుతురు పడట్లేదు. ఆదివారం కబడ్డీ పోటీ ఉంది. ‘హాకీవాళ్లు అంతగనం కొట్టుకుంటారు, వాళ్లకేమైంది?’ అంటున్నాడు. పంపొచ్చా?
- ఒక తల్లి

జవాబు: పంపకండమ్మా. స్కాన్ బాగుందంటే లోపల రక్తస్రావం లేదని, ఎముక చిట్లలేదని అర్థం. మెదడు అదిరితే వచ్చే కంకషన్ మామూలు స్కాన్‌లో కనిపించదు. బాబు తలనొప్పి, వెలుతురు పడకపోవడం దాని లక్షణాలే. అవి తగ్గకముందే కూతకెళ్లి మళ్లీ తల తగిలించుకుంటే, రెండో దెబ్బ చిన్నదైనా ప్రాణం మీదికి రావచ్చు.

ఇక హాకీవాళ్ల సంగతి. వాళ్లకేమీ కాలేదన్నది నిజం కాదు. 2008 డిసెంబరులో కెనడాలో డాన్ శాండర్సన్ అనే 21 ఏళ్ల ఆటగాడు కొట్లాటలో పడ్డాడు. హెల్మెట్ ఊడి తల మైదానంలోని గట్టి మంచుగడ్డకు కొట్టుకుంది. కొద్ది వారాలకే చనిపోయాడు. ప్రాణం తీసింది పిడికిలి కాదు, పడటం. మీవాడు పడ్డదీ అట్లనే. అమెరికా, కెనడాల పెద్ద ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో కొట్లాటకే పేరుపడ్డ డెరెక్ బూగార్డ్ 2011లో 28 ఏళ్లకే పోయాడు. నొప్పి మాత్రలు, మద్యం కలిసి ప్రాణం తీశాయి. తర్వాత మెదడును పరీక్షిస్తే, పదేపదే దెబ్బలు తగిలినవాళ్లలో కనిపించే సీటీఈ అనే జబ్బు బయటపడింది. ఇవేవీ ఆ వీడియోల్లో చూపించరు.

ఎన్‌హెచ్‌ఎల్‌లో కొట్టుకుంటే ఇప్పటికీ ఐదు నిమిషాలు పక్కన కూర్చోబెట్టడమే శిక్ష. ఒలింపిక్స్‌లోనైతే ఆట నుంచే పంపేస్తారు. కెనడాలోని క్యూబెక్ జూనియర్ హాకీ లీగ్ 2023లో కొట్లాటను నిషేధించింది. పెద్దల లీగులూ ఆ పని చేయాలని డాక్టర్‌గా గట్టిగా కోరుకుంటున్నాను.

బాబును ఈ వారమే మళ్లీ డాక్టర్‌కు చూపించండి. ఇంట్లో మెల్లగా నడవనివ్వండి, కంటినిండా నిద్రపోనివ్వండి. లక్షణాలు పూర్తిగా పోయాక, డాక్టర్ సరేనంటేనే ముందు పరుగు, తర్వాత ఒంటరి సాధన, చివర్న పట్టు. మెట్టుకూ మెట్టుకూ మధ్య కనీసం ఒక రోజు ఉండాలి, తలనొప్పి వస్తే ఆపేయాలి. వాంతులు మళ్లీ మొదలైనా, ఫిట్స్ వచ్చినా, మాట తడబడినా, లేపినా లేవనంత మత్తు కమ్మినా, ఒక చెయ్యో కాలో పట్టు తప్పినా క్షణం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఈ జవాబు బాబుకు ఫోన్ ఇచ్చి చదవమనకండి. స్క్రీన్ చూస్తే తలనొప్పి పెరుగుతుంది, మీరే చదివి వినిపించండి.