ముందు తీగలు చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

సౌర విద్యుత్తు మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. కర్నూలు ప్రాంతంలోని రోళ్లపాడులో బట్టమేక పిట్టను (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) మాయం చేసింది సౌర పార్కేనని మొదటి పేరాలోనే తీర్పు చెప్పేశావు. ఆ మాట నిలవదు. రోళ్లపాడు అభయారణ్యం 1988లో ఏర్పడింది. గని, శకునాల గ్రామాల దగ్గరి వెయ్యి మెగావాట్ల పార్కు పూర్తయింది 2017లో. పార్కు వచ్చేనాటికే బట్టమేకలు అరుదైపోయాయి. సాగునీరు వచ్చి, చుట్టుపక్కల గడ్డి నేలలు పొలాలుగా మారాయి. రైతుకు మేలు చేసిన మార్పును తప్పుపట్టడానికి మొహమాటంగానే ఉంటుంది. అయినా రాయాలి.

ఈ పిట్టకూ సౌర, పవన విద్యుత్తుకూ అసలు తగవు జైసల్మేరు వైపు నడుస్తోంది. అక్కడ కూడా సౌర ఫలకాల దగ్గర ఆగిపోకు, తల ఎత్తి కరెంటు తీగలు చూడు. బట్టమేక కళ్లు తలకు చెరో పక్కన ఉంటాయి. ఎదురుగా ఉన్నది సరిగా కనబడదు. మగపిట్ట పదిహేను కిలోల దాకా తూగుతుంది. తీగ దగ్గరికి వచ్చాక చూసినా అంత బరువుతో చటుక్కున పక్కకు తిరగలేదు. మామూలుగా ఒక్క గుడ్డే పెట్టే పిట్ట కాబట్టి పోయిన లెక్క పూడదు. నీ వ్యాసంలో ఈ వివరం ఒక్కటీ లేదు. సూర్యస్తుతి మాత్రం రెండు పేజీలు ఉంది. అది తీసేయి.

థార్‌లో సుమారు 4,200 చదరపు కిలోమీటర్లలో ఏటా 84,000 పక్షులు తీగలకు తగిలి చనిపోతున్నాయని భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది. నువ్వు ఆ అంకెను బట్టమేకల పద్దులో వేశావు. అది అన్ని రకాల పక్షులకూ కలిపి వేసిన లెక్క. బట్టమేకలు దేశమంతటా కలిపినా రెండు వందలు లేవు! ఇలాంటి ఒక్క పొరపాటు దొరికితే చాలు, కంపెనీవాళ్లు నీ వ్యాసమంతా పక్కన పడేస్తారు.

సుప్రీంకోర్టు సంగతి కూడా సగమే చెప్పావు. 2021 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశం తీగలను భూగర్భంలో వేయమంది. హైవోల్టేజీ లైన్లకు అది సాంకేతికంగా కష్టమనీ, ఖర్చు భరించలేమనీ ప్రభుత్వం వాదించింది. 2024 మార్చిలో కోర్టు ఆ ఆదేశాన్ని సడలించి, విషయాన్ని నిపుణుల సంఘానికి అప్పగించింది. వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పౌరుల హక్కని అదే తీర్పులో చెప్పింది. ఈ రెండూ పక్కపక్కన పెడితేనే పాఠకుడికి చిక్కు అర్థమవుతుంది. ఆ చిక్కు విప్పే భారం నీ మీద వేసుకోకు.

నువ్వు అసలు తొక్కని దారి ఇంకొకటుంది: స్థలం ఎంపిక. 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ కింద సౌర ఫలకాల ప్రాజెక్టులకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. కాబట్టి ఆ నోటిఫికేషన్ కింద జరిగే ప్రజాభిప్రాయ సేకరణా ఉండదు. విదేశీ రుణం ఉన్నచోట రుణదాతలు అడుగుతారు గనుక జీవవైవిధ్య అధ్యయనం దొరకవచ్చు. ముందు అది సంపాదించు. తరవాత రెవెన్యూ రికార్డు చూడు. అందులో బంజరని రాసిన నేలలో ఏ నెలలో ఏ గడ్డి మొలుస్తుందో గొర్రెల కాపరిని అడుగు. అధికారితో మాట్లాడింది మూడు పేజీలు రాశావు, కాపరి మాట ఒక్కటీ లేదు.

తిరగరాసి పంపు. ఈసారి లైన్లు ఎటు పోతున్నాయో చూపించే పటం కూడా జతచేయి.

ఇట్లు,
మీ మాస్టారు