పపైరస్ గోనోలెక్ పిట్ట చిత్తడి దాటి బయటికి ఎందుకు రాదు?

తిండి, గూడు, దాక్కునే చోటు అన్నీ పపైరస్ దుబ్బుల్లోనే దొరుకుతాయి కాబట్టి ఈ పిట్ట వాటిని వదిలి దాదాపు రాదు. పపైరస్ మన తుంగ కుటుంబంలోదే, కాకపోతే నాలుగైదు మీటర్ల ఎత్తు పెరుగుతుంది. నీళ్లలో గోడలా ఒత్తుగా లేచిన ఆ కాడల మధ్య, ఎక్కువగా కింది భాగంలోనే, గోనోలెక్ పురుగుల్ని ఏరుకుంటూ తిరుగుతుంది. అందుకే అది కనిపించడం కంటే వినిపించడమే ఎక్కువ. జంటలో ఒకటి ఈల వేస్తే రెండోది వెంటనే అందుకుంటుంది.

కెన్యాలో కిసుము పక్కన, విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న డుంగా చిత్తడినే చూడండి. అక్కడ చాపల కోసం పపైరస్ కోస్తారు, పొలాల కోసం తగలబెడతారు. దుబ్బు పోతే గోనోలెక్ కూడా పోతుంది. చుట్టూ ఎన్ని పొదలున్నా దానికి పనికిరావు. నిజంగా బాధపడాల్సిన సంగతి ఇదే.

"ఒడ్డున పొదల్లో కూడా చూశాం" అని చాలామంది అంటారు. వాళ్లు చూసేది సాధారణంగా నల్లతల గోనోలెక్‌ని. నల్ల వెన్ను, ఎర్ర పొట్ట రెండింటికీ ఉంటాయి. నడినెత్తిన పసుపు, రెక్క మీద తెల్ల చార ఉంటేనే అది పపైరస్ గోనోలెక్.