మంత్రానికి ధర కట్టడం ఎలా?

ప్రశ్న: ఆదివారాలు నలుగురు మిత్రులతో పాచికల ఫాంటసీ గేమ్ ఆడిస్తున్నాను. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ రూల్సే, కథ మాత్రం గోల్కొండలో. పోయిన వారం ఒక మిత్రుడి పాత్ర అయిన మాంత్రికురాలు తోటివాళ్ల కోసం ప్రాణమిచ్చింది. ఎవరూ చలించలేదు. ‘బతికిద్దాంలే’ అన్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, మెహదీపట్నం, హైదరాబాద్

జవాబు: ఆ రూల్స్‌లో చనిపోయిన నిమిషంలోపు బతికించాలంటే 300 బంగారు నాణేల విలువైన వజ్రాలు ఖర్చవుతాయి. పది రోజుల్లోపైతే 500 నాణేల వజ్రం. గోల్కొండ కథ కనుక మీరు అంగడి నిండా వజ్రాలు పెట్టే ఉంటారు, చావు చవకైంది అక్కడే. నిజానికి గోల్కొండలో ఉన్నది సంత, పేరున్న కొల్లూరు గని ఎక్కడో కృష్ణ ఒడ్డున. వరద తెప్పించి ఆ దారి మూసేయండి. నెలకు ఒక్క రాయే కోటకు చేరనివ్వండి, అది ఎవరి చేతిలో ఉందో అందరికీ తెలియాలి.

ఇక మంత్రం సంగతి. దాన్ని వాడినందుకు ధరగా ‘పదేళ్ల ఆయుష్షు పోయింది’ అంటే ఆటగాడికి ఏమీ తగలదు, మీ ఆట పదేళ్లు సాగదు కదా. ధర అతను ప్రతి సెషన్‌లో వాడేదాన్ని తాకాలి. గోల్కొండ కోట ద్వారం ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కొండ పైన బాలా హిసార్‌లో వినిపిస్తుంది. దాన్నే మంత్రం చేయండి: ఆమె ఎంత దూరానికైనా మాట పంపగలదు, పంపిన ప్రతిసారీ తనకిష్టమైన ఒక గొంతు ఆమెకిక వినిపించదు. మొదటిరోజే ఆరు పేర్లు రాయించండి: అమ్మ, గురువు, తమ్ముడు, ముగ్గురు సహచరులు. వాడినప్పుడల్లా ఒక పేరు పెన్నుతో కొట్టేయాలి. పెన్సిల్ వద్దు. సహచరుడి పేరు కొట్టేశాక అతను ఆమెతో సైగలతోనే మాట్లాడాలి, బల్ల దగ్గర కూడా!

అయితే ఆటలో ఆ అమ్మ అంతకుముందు కనీసం రెండు సెషన్లలో మాట్లాడి ఉండాలి, లేకపోతే పోయేది కాగితం మీది పేరే. ధర పాచిక వేయకముందే చెప్పండి, తర్వాత చెబితే జరిమానా కట్టించుకున్నట్టు ఉంటుంది. మంత్రం వాడకుండా గట్టెక్కే ఇంకో దారీ ఉంచండి, కష్టమైనదైనా సరే. కర్ణుడికి ఇంద్రుడిచ్చిన శక్తి ఒక్కసారికే పనికొస్తుందని, దాన్ని అర్జునుడి కోసం దాచాడని మనకు ముందే తెలుసు. అందుకే ఘటోత్కచుడి మీద వదిలినప్పుడు గుండె జారుతుంది.

ప్రశ్న: నేనాడించే ఇలాంటి ఆటలో ఆటగాళ్లు ప్రతి పోరు తర్వాత తమ పాత్రల్ని పడుకోబెట్టి మంత్రశక్తి నింపుకుంటున్నారు. ఆపేదెలా?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: ఆరు గళ్ల చక్రం గీసి బల్ల మధ్యలో పెట్టండి. ఒక నిద్రకు ఒక గడి నింపాలి. మూడో గడికి శత్రుసేన ఊరి చెరువు గట్టు తెంపుతుంది, ఆరో గడికి కోట తలుపు దగ్గరుంటుంది. మూడో గడి దెబ్బ తప్పక వేయండి. ఒక్కసారి జాలిపడి వదిలేస్తే మళ్లీ ఆ చక్రం వైపు ఎవరూ చూడరు.