క్లాస్ లీడర్‌కు నీమో నేర్పేది

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఈసారి క్లాస్ లీడర్‌గా ఎన్నుకున్నారు కానీ, నలుగురిలో నోరు విప్పాలంటేనే భయపడుతుంది. వ్యక్తిత్వ వికాస పుస్తకాలు కొనిచ్చినా తెరవదు. యానిమేషన్ సినిమాలు మాత్రం చూసినవే మళ్లీ చూస్తుంది. వాటితో నాయకత్వ లక్షణాలు అలవడతాయా? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: చూసినంత మాత్రాన అలవడవు గానీ, ఒక్క సన్నివేశాన్ని తీసుకుని మీరిద్దరూ తీరిగ్గా మాట్లాడుకుంటే తప్పక ఉపయోగం ఉంటుంది. 2003లో వచ్చిన పిక్సార్ చిత్రం ‘ఫైండింగ్ నీమో’నే తీసుకోండి. చివర్లో, నీమోను వెతకడంలో అతడి తండ్రికి తోడుగా వచ్చిన డోరీ అనే చేప మరెన్నో చేపలతో కలిసి వలలో చిక్కుతుంది. పుట్టుకతోనే ఒక రెక్క చిన్నదైన పిల్లచేప నీమో, చేపలన్నీ ఒక్కసారిగా కిందికి ఈదితే బయటపడవచ్చని గ్రహించి, తానే ఆ వలలోకి దూరతాడు. కంగారుగా తలోదిక్కుకూ కొట్టుకుంటున్న చేపలకు అతడు చెప్పేది ఒక్కటే మాట: కిందికి ఈదండి. చివరికి వల కట్టిన దూలమే విరుగుతుంది. అక్కడ నీమోకు పదవీ లేదు, పెద్ద గొంతూ లేదు. చేయవలసిన పనేమిటో స్పష్టంగా తెలుసు, అంతే. మీ అమ్మాయికీ ఉపన్యాసాలు అక్కర్లేదు, అందరికీ అర్థమయ్యే చిన్న వాక్యం చాలు.

అదే సినిమాలో, నీమో కొన్నాళ్లు చిక్కుకున్న అక్వేరియంలోని గిల్ అనే చేప చేసిన తప్పు గురించీ అడిగి చూడండి. అక్వేరియం నుంచి తప్పించుకునే తన పథకం కోసం ఫిల్టర్‌లోకి పసివాడైన నీమోను పంపి, అతడి ప్రాణం మీదికి తెస్తాడు. ఎవరూ ముందుకు రాని పనిని క్లాసులో ఎదురుచెప్పలేని పిల్లవాడి నెత్తిన రుద్దడం అలాంటిదే. ఇక 1994 నాటి ‘ది లయన్ కింగ్’లో సింహాసనం పుట్టుకతో వస్తుంది కాబట్టి, తోటి పిల్లలు ఎన్నుకున్న లీడర్‌కు ఆ కథ అంతగా అక్కరకు రాదని నా అభిప్రాయం.

మీరు గమనించవలసింది నీమో తండ్రి మార్లిన్‌ను. భార్యనూ, మిగతా గుడ్లన్నింటినీ పోగొట్టుకున్న ఆ తండ్రి, కొడుకు వలలోకి వెళ్తానంటే మొదట ససేమిరా అని, చివరికి వదులుతాడు. క్లాసులో చిన్న తగవు రాగానే మీరు టీచర్‌కు ఫోన్ చేయకండి.

అయితే నోట్సులు పోగుచేయడం, మాట వినని స్నేహితురాలిని ఒప్పించడం వంటి రోజువారీ చాకిరీ సినిమాల్లో కనిపించదు. రేపు క్యాంపస్ ఇంటర్వ్యూలో నాయకత్వం గురించి అడిగితే సినిమా కథ పనికిరాదు, సొంత అనుభవమే చెప్పాలి. కాబట్టి ఈ ఏడాది తాను పంచిన పనులు, తీర్చిన తగవులు, బెడిసికొట్టిన నిర్ణయాలతో సహా, ఒక నోట్‌బుక్‌లో తేదీలు వేసి రాసుకోమనండి.